ఈ పని ఎవరిది?

ఇంగ్లండులో మన గ్రామ పంచాయతీకి దగ్గరగా ఉండే సంస్థ పారిష్ కౌన్సిల్. వూస్టర్‌షైర్ కౌంటీలో, టీమ్ నది పక్కనున్న ఒక పల్లె కౌన్సిల్లో ఓ తెలుగు మహిళ సభ్యురాలు. సెలవులకు గుంటూరు జిల్లాలోని మేనమామ ఇంటికి వచ్చినప్పుడు తమ కౌన్సిల్ ఏడాది నివేదికను ఆయన చేతికిచ్చింది. ఆయన పంచాయతీ కార్యదర్శిగా చేరి, మండల స్థాయిలో పంచాయతీల విస్తరణాధికారిగా రిటైరైన మనిషి. కాగితం కనబడితే కళ్ళద్దాలు వెతుక్కుంటారు. మన పల్లెల్లో శ్రమదానం మాట ఎత్తేవాళ్ళందరూ వినవలసిన వాదం ఇది అనిపించి రాస్తున్నాను.

మావయ్య: నివేదిక మొత్తం చదివానమ్మా. రోడ్డు పక్క చెత్త ఏరింది మీరే. కాలిబాట మీదికి వాలిన కొమ్మలు కొట్టింది మీరే. లైబ్రరీ కౌంటరు దగ్గర కూర్చున్నదీ, ముసలివాళ్ళను కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ, మంచు పడితే దారిలో ఉప్పు చల్లిందీ మీరే. చివరి పేజీలో అందరికీ కృతజ్ఞతలు. మరి పన్ను కట్టించుకున్న ప్రభుత్వం ఈ ఏడాదంతా ఏం చేసిందో ఒక్క ముక్క లేదేం?

మేనకోడలు: అది మా కౌన్సిల్ నివేదిక మావయ్యా. పైవాళ్ళ పనులు వాళ్ళ నివేదికల్లో ఉంటాయి.

మావయ్య: రోడ్డు ఎవరిది?

మేనకోడలు: కౌంటీ కౌన్సిల్‌ది.

మావయ్య: రోడ్డు మీద చెత్త?

మేనకోడలు: జిల్లా కౌన్సిల్‌ది. లైబ్రరీ మళ్ళీ కౌంటీది.

మావయ్య: మరి మీదేమిటి?

మేనకోడలు: బస్సు షెల్టరు, పిల్లల ఆటస్థలం, శ్మశానం, బెంచీలు, కొన్ని వీధిదీపాలు, కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే మడులు. ఊళ్ళో ఎవరైనా ఇల్లు కట్టుకోవడానికి దరఖాస్తు పెడితే మా అభిప్రాయం అడుగుతారు, నిర్ణయం మాత్రం మాది కాదు. ఇంగ్లండులో ఇలాంటి కౌన్సిళ్ళు పదివేల దాకా ఉన్నాయి. లక్షకు పైగా జనమున్న నార్తాంప్టన్‌కి టౌన్ కౌన్సిల్ పేరుతో ఉన్నదీ ఇదే, మా పల్లెకు ఉన్నదీ ఇదే. చట్టం మాకు అధికారాలు చాలానే ఇచ్చింది. చేసి తీరాలన్న విధులు బాగా తక్కువ.

మావయ్య: అంటే కావాలంటే చెయ్యొచ్చు, చెయ్యకపోతే అడిగేవాడు లేడు. చేసి తీరవలసినవాడు పైన కూర్చున్నాడు, పని మాత్రం కింద జరుగుతోంది. నా అభ్యంతరమల్లా ఇక్కడే.

మేనకోడలు: డబ్బు సంగతి చెప్తాను, అప్పుడు అనండి. జనవరిలో కూర్చుని వచ్చే ఏడాదికి ఎంత కావాలో లెక్కేసి తీర్మానం చేస్తాం. దాన్ని ప్రిసెప్ట్ అంటారు. ఆ అంకె జిల్లా కౌన్సిల్‌కి పంపితే, వాళ్ళు కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులో మా పేరుతో ఒక వరుస చేర్చి, వసూలు చేసి, మొత్తం మాకిచ్చేస్తారు. కౌంటీ, జిల్లా ప్రభుత్వం పెట్టిన పరిమితి దాటి పన్ను పెంచాలంటే జనం ఓటు అడగాలి. పారిష్‌లకు ఇప్పటిదాకా ఆ కట్టడి పెట్టలేదు. అయినా ఇష్టం వచ్చినట్టు పెంచలేం. బిల్లులో మా వరుస విడిగా కనబడుతుంది కదా, పాల కోసం దుకాణానికి వెళ్తే అక్కడే నిలదీస్తారు.

మావయ్య: ఇది మెచ్చుకోవాలి. నా సర్వీసంతా ఇంటిపన్ను అడగడానికి మొహమాటపడే సర్పంచులనే చూశాను. పన్ను అడిగితే ఓటు పోతుందని భయం. పైనుంచి వచ్చే డబ్బుకేమో ముడులు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం నీళ్ళకూ పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నారు, తక్కిన 40 శాతమే పంచాయతీ ఇష్టం. తన ఖర్చుకు తానే పన్ను వేసుకుని, వేసినవాడు ఊళ్ళోనే తలెత్తుకు తిరగాల్సి రావడం గొప్ప ఏర్పాటు. కానీ అమ్మాయ్, పన్ను కట్టినవాడి చేతికే చీపురూ ఇవ్వడం ఏమిటి?

మేనకోడలు: ఎందుకొచ్చిందో నేనే చెప్తాను. 2010-11 నుంచి 2017-18 మధ్య ఇంగ్లండులో స్థానిక సంస్థలకు కేంద్రం ఇచ్చే నిధులు వాస్తవ విలువలో దాదాపు సగానికి పడిపోయాయని వాళ్ళ జాతీయ ఆడిట్ కార్యాలయమే లెక్కకట్టింది. డేవిడ్ కామెరాన్ ప్రధాని అయిన కొత్తలో ‘బిగ్ సొసైటీ’ అన్నాడు, జనమే ముందుకొచ్చి తమ పనులు చేసుకోవాలని. మాకు దగ్గర్లోనే ఉన్న బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ 2023 సెప్టెంబరులో ఇక ఖర్చులు భరించలేనని ప్రకటించింది. అంత పెద్ద నగరానికే అలా అయితే, మా పల్లె గట్ల మీద గడ్డి కొయ్యడానికి కౌంటీ మనిషి వస్తాడా? రాడు. అప్పుడు గడ్డి పెరిగి, మలుపు దగ్గర ఎదురొచ్చే బండి కనబడదు. నేను ఉత్తరాలు రాస్తూ కూర్చోవాలా, కత్తెర పట్టుకోవాలా?

మావయ్య: రెండూ చెయ్యాలి. మీ నివేదికలో కత్తెరలు ఉన్నాయి, ఉత్తరాలు లేవు. అసలు నా భయం ఇంకా కింద ఉందమ్మా. మన దగ్గర ఊరికోసం జీతం లేని పని అనగానే అది ఎవరి మీద పడిందో నీకు తెలుసు. తెలంగాణలో దొరల గడీల కింద వెట్టి. ఇటు సర్కారు జిల్లాల్లో పీనుగ మోత, దండోరా, కాలవ పూడిక, అన్నీ ‘ఊరి పనులే’, చేసేది మాత్రం ఒకటి రెండు కులాలు. దాన్ని కట్టుబాటు అన్నారు, సేవ అన్నారు. తొంభైల్లో శ్రమదానం జోరుగా సాగిన రోజుల్లో నేను కార్యదర్శిని. పెద్దలు తలగుడ్డ చుట్టి గడ్డపార పట్టుకుని నిలబడేవారు. ఫొటో కాగానే ఆ గడ్డపార ఎవరి చేతికి వెళ్ళేదో చూశాను. పారిశుద్ధ్యం పనివాళ్ళు ముందురోజే సగం కాలవ తవ్వి ఉంచేవారు, మర్నాడొచ్చి మిగతా సగం తవ్వేవారు. హాజరు రాసే మస్టరులో ఆ రెండు రోజులూ పడేవి కావు. అప్పటినుంచి స్వచ్ఛందం అన్న మాట వింటే ముందు మస్టరు అడుగుతాను.

మేనకోడలు: ఇంగ్లండుకూ ఆ చరిత్ర ఉంది మావయ్యా. 1555లో చట్టం చేసి, పారిష్‌లో ప్రతి ఇంటివాడూ ఏడాదికి నాలుగు రోజులు రోడ్ల మీద జీతం లేకుండా పని చెయ్యాలన్నారు. కొన్నేళ్ళకే అది ఆరు రోజులైంది. భూమి ఉన్నవాడు బండినీ పనివాళ్ళనీ పంపితే చాలు. లేనివాడు తానే వచ్చి ఒళ్ళు వంచాలి. 1835లో గానీ అది రద్దు కాలేదు. అప్పట్లో ఊరి పెత్తనం వెస్ట్రీ అనే చర్చి సభది. 1818 చట్టం ప్రకారం ఆస్తి పెరిగేకొద్దీ ఓట్లు పెరుగుతాయి, ఒక్క మనిషికి ఆరు దాకా. దాన్ని బద్దలు కొట్టింది 1894 చట్టం. ఊరి వ్యవహారాన్ని చర్చి చేతిలోంచి తీసి, ఓటర్లు ఎన్నుకున్న పారిష్ కౌన్సిల్‌కి ఇచ్చింది. ఆ డిసెంబరులోనే మొదటి ఎన్నికలు. పొలం కూలీ కూడా భూస్వామి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. పెళ్ళయినా కాకపోయినా ఆడవాళ్ళు సభ్యులుగా నిలబడవచ్చు. పార్లమెంటుకు ఓటు వెయ్యడానికి వాళ్ళు 1918 దాకా ఆగాల్సొచ్చింది, అదీ ముప్ఫై ఏళ్ళు నిండితేనే. అందుకే నేను ఒక్కటి చూస్తాను: కాదంటే ఏమవుతుంది? మా ఊళ్ళో చెత్త ఏరడానికి రానివాణ్ణి ఎవరూ ఏమీ అనరు. కొళాయి కట్టెయ్యరు, రచ్చబండ దగ్గర నిలబెట్టరు.

మావయ్య: కాదనే హక్కు ఉన్నచోటే అది దానం. ఒప్పుకున్నాను. మరి ఆ కుర్చీల్లో ఇప్పుడెవరు కూర్చున్నారు? పొలం కూలీ ఎక్కడ?

మేనకోడలు: లేడు. రిటైరైనవాళ్ళు, సొంత ఇళ్ళవాళ్ళే ఎక్కువ. చాలా ఊళ్ళలో పోటీయే ఉండదు. నేనూ ఎన్నికలో గెలిచి రాలేదు. ఒక ఖాళీ వచ్చింది. నోటీసు పెట్టాక పదిమంది ఓటర్లు రాసిస్తే ఎన్నిక జరపాలి. ఎవరూ రాయలేదు. దాంతో కౌన్సిలే నన్ను చేర్చుకుంది. నాది ఇంకా భారతీయ పాస్‌పోర్టే. మనది కామన్వెల్త్ దేశం కాబట్టి అక్కడ స్థానిక ఎన్నికల్లో ఓటుంది, శాశ్వత నివాసానికి అనుమతి వచ్చింది కాబట్టి సభ్యత్వానికీ అర్హత ఉంది. కానీ మీరడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. సమావేశం సాయంత్రం ఏడింటికి. సభ్యులకు జీతం లేదు. మా వీధి చివర కేర్ హోమ్‌లో రాత్రి షిఫ్టు చేసే అమ్మాయికి నాకంటే ఊరి గురించి ఎక్కువ తెలుసు. ఆమె రాలేదు.

మావయ్య: మన దగ్గర రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం ఆడవాళ్ళకి. ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ల సంగతి సరేసరి. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి రాకపోతే మా మండలంలో కొందరు సర్పంచి కుర్చీ ముఖం చూసేవారు కాదు. భార్య పేరుతో మొగుడు పెత్తనం చేసిన ఊళ్ళూ చూశాను, దాచను. అలాంటిచోట కూడా రెండో విడతకు కొందరు ఆడవాళ్ళు సంతకం పెట్టేముందు కాగితం చదివి వినిపించమన్నారు. తలుపు తెరిచి ఉంచితే చాలదమ్మా, లోపల కుర్చీ రాసిపెట్టాలి.

ఈ విషయంలో నేను మావయ్య పక్షం. వారానికి యాభై గంటలు చాకిరీ చేసేవాళ్ళ నుంచి తీరిక అడిగే వ్యవస్థ ఎంత మంచిదైనా, తీరిక ఉన్నవాళ్ళ వ్యవస్థగానే మిగులుతుంది. అయితే మేనకోడలు ఆ తర్వాత చెప్పినదానికి నా దగ్గరా తిరుగు లేదు.

మేనకోడలు: 2020 ఫిబ్రవరి మధ్యలో డెన్నిస్ తుఫాను వచ్చింది. సెవర్న్, టీమ్, వై నదులు ఒక్కసారే పొంగాయి. ప్రభుత్వ హెచ్చరిక ఫోనుకి వస్తుంది, మంచి ఏర్పాటే. కానీ చెవిలో మిషను తీసి పక్కన పెట్టి పడుకున్న ఎనభై ఏళ్ళావిణ్ణి నిద్ర లేపడానికి ఫోను పనికిరాదు. ఎవరో ఒకరు వెళ్ళి తలుపు కొట్టాలి. ముందు తలుపు కొడితే వినబడదని, వెనకవైపు పడకగది కిటికీ కొట్టాలని తెలిసినవాళ్ళు వెళ్ళాలి. మా ఊళ్ళో వరద కాపలా చూసే వాలంటీర్ల దగ్గర ఒక జాబితా ఉంది. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారు, ఎవరు మెట్లెక్కలేరు, ఎవరింటి తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఎవరి మందులు ఫ్రిజ్‌లో ఉంటాయి, ఎవరికి కుక్క లేకుండా కదలడం ఇష్టముండదు, అన్నీ చేత్తో రాసి ఉంటాయి. ఆ రాత్రి ఆ కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ట్రాక్టరున్న రైతు ట్రాక్టరు తెచ్చాడు. పొద్దున్నే విలేజ్ హాల్లో టీ కెటిల్, పొడి దుప్పట్లు సిద్ధంగా ఉన్నాయి. కౌంటీ మనుషులు రాలేదని కాదు. వాళ్ళు పెద్ద ఊళ్ళ పనిలో ఉన్నారు, అది న్యాయమే.

నెల తిరిగేసరికి, మార్చి 23న లాక్‌డౌన్. ఆ కాగితాలే మళ్ళీ బయటికి వచ్చాయి. ఈసారి ఎవరికి మందులు, ఎవరికి సరుకులు, ఎవరికి రోజూ ఒక ఫోను. అదే వారం ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్ఎస్‌కు సాయం చేసేవాళ్ళు కావాలని దేశమంతా అడిగితే ఏడున్నర లక్షలమంది పేర్లిచ్చారు. వాళ్ళలో చాలామందికి వారాలపాటు పని చూపించలేకపోయారు. మా ఊళ్ళో మొదటిరోజు నుంచే పని నడుస్తోంది, ఎవరికేం కావాలో ముందే రాసి ఉంది గనక. ఆ జాబితా ఒక్కరోజులో రాసింది కాదు మావయ్యా. మీరు వెక్కిరించిన చెత్త ఏరే రోజున, అద్దె కూరగాయల మడుల దగ్గర, నవంబరులో యుద్ధస్మారకం దగ్గర పూలు పెట్టేటప్పుడు, మాటల్లో మాటగా తెలిసినవే అందులోకి ఎక్కాయి.

మావయ్య: నేను వెక్కిరించలేదు తల్లీ. ఆ జాబితాకు దణ్ణం పెడతాను. ఏ ప్రభుత్వమూ దాన్ని రాయలేదు, రాయకూడదు కూడా. ప్రభుత్వం చేతిలో పడితే అది ఇంకో రకం కాగితం అవుతుంది. కానీ తలుపు కొట్టే పని వేరు, మురుగు తూము బాగుచేసే పని వేరు. మొదటిది పొరుగువాడిది. రెండోది జీతం, యంత్రం, బడ్జెట్ ఉన్నవాడిది. మీ నివేదికలో రెంటినీ ఒకే అట్ట మధ్య పెట్టి, ఒకే ధన్యవాదం చెప్పారు. స్పీడ్ వాచ్ అని ఒకటుంది చూడు, అది ఏ రకం?

మేనకోడలు: పోలీసులు శిక్షణ ఇస్తారు, వేగం కొలిచే పరికరం ఇస్తారు. మేం పచ్చ కోట్లేసుకుని రోడ్డు పక్కన నిలబడి, వేగం మించిన బండి నంబరు రాసుకుని పంపుతాం. వాళ్ళు బండి యజమానికి హెచ్చరిక ఉత్తరం రాస్తారు. జరిమానా ఉండదు.

మావయ్య: పొరుగువాడి మీద పొరుగువాడు రాసిచ్చే కాగితం నాకు నచ్చదు. ఈ టెలిఫోన్ పెట్టె?

మేనకోడలు: ఫోను వాడేవాళ్ళు లేక మూలపడ్డ ఎర్రపెట్టెల్ని బీటీ కంపెనీ 2008 నుంచి ఒక్క పౌండుకి ఊళ్ళకు ఇచ్చేస్తోంది. మేం దాంట్లో గుండె ఆగినప్పుడు కరెంటు షాకిచ్చే డీఫిబ్రిలేటర్ పెట్టాం. గుండె ఆగిన మనిషికి ఒక్కో నిమిషం ఆలస్యమైతే బతికే అవకాశం పదిశాతం చొప్పున తగ్గుతుందంటారు. అంబులెన్సు మా మూలకు వచ్చేసరికి ఆ నిమిషాలు అయిపోతాయి. దాని బ్యాటరీ ఉందా, ప్యాడ్ల గడువు దాటిందా అని ఎవరో వెళ్ళి చూస్తూ ఉండాలి. అదీ నివేదికలో ఒక్క వాక్యమే.

మావయ్య: అది మంచి పని, వాదించను. కానీ చూసే ఆ మనిషి వయసెంత?

మేనకోడలు: డెబ్బై దాటింది.

మావయ్య: అతని తర్వాత?

మేనకోడలు: మీరు సరైన చోటే నొక్కారు. ఇంగ్లండులో నెలకొకసారైనా ఏదో ఒక సంస్థ ద్వారా స్వచ్ఛందంగా పనిచేసే పెద్దలు 2013-14లో నూటికి 27 మంది. 2021-22 నాటికి 16 మందే. మా ఊళ్ళో కారుతో ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళకే రేపు ఎవరో తీసుకెళ్ళాల్సిన వయసు. ఉద్యోగాలవాళ్ళు వంద మైళ్ళు తిరిగి ఇంటికొస్తారు. కుర్రాళ్ళకు ఊళ్ళో ఇల్లు కొనే స్తోమత లేదు.

మావయ్య: జనం మంచితనం మీద పథకం కట్టినవాడు ఈ లెక్క ముందే వెయ్యాలి.

మేనకోడలు: వేశాం కాబట్టే మా కౌన్సిల్లో ఒక్కరికి జీతం ఇస్తున్నాం. క్లర్కు. మీ ఉద్యోగమే. సమావేశానికి మూడు పూర్తి రోజుల ముందు అజెండా బయటపెట్టాలి. అజెండాలో లేనిదానిమీద తీర్మానం చెల్లదు. వాలంటీర్లకు బీమా ఉందో లేదో, ఆటస్థలంలో ఉయ్యాల గొలుసు అరిగిందో లేదో ఆమె చూస్తుంది. ఏటా వేసవిలో లెక్కల పుస్తకాలు 30 పనిదినాలు తెరిచి ఉంచాలి, ఊళ్ళో ఎవరైనా వచ్చి బిల్లులు చూడొచ్చు. మార్చి ఒకటికీ జూన్ ఒకటికీ మధ్య ఊరి సభ జరగాలి, అదీ సాయంత్రం ఆరు దాటాకే, పనులకెళ్ళినవాళ్ళు రాగలగాలని. అది కాక, ఆరుగురు ఓటర్లు కలిస్తే ఎప్పుడైనా సభ పిలవొచ్చు.

మావయ్య: ఆరు దాటాక! ఇది రాసినవాడెవరో పల్లె ఎరిగినవాడు. మనవాళ్ళు గ్రామసభ పొద్దున పదకొండింటికి పెట్టి, కూలికెళ్ళినవాళ్ళు రాలేదని కోరం చూపించడానికి ఇళ్ళకు రిజిస్టరు పంపేవారు. లెక్కలు తెరిచే విషయంలో మాత్రం మనమేం తక్కువ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగింది. ఊరి మధ్య నిలబడి పేరు పేరునా మస్టరు చదివి, ఈ కూలి నీకు అందిందా అని అడిగేవారు. ఆ సభల్లో నేను చూసిన నిజం నా సర్వీసులో ఇంకెక్కడా చూడలేదు. అన్నట్టు, జూమ్‌లో అరుచుకున్న కౌన్సిల్ మీదేనా?

మేనకోడలు: కాదు, అది చెషైర్‌లోని హ్యాండ్‌ఫోర్త్. 2020 డిసెంబరు సమావేశం, వీడియో 2021 ఫిబ్రవరిలో ప్రపంచమంతా తిరిగింది. క్లర్కు బాధ్యతలో కూర్చున్న జాకీ వీవర్‌కి అధికారమే లేదని అరిచారు. అది చూసి జనం నవ్వుకున్నారు, నాకు బాధేసింది. రూలు తెలిసిన మనిషికి మర్యాద లేనిచోట స్వచ్ఛంద సేవ నాలుగు రోజులు కూడా నిలవదు.

మావయ్య: ఆ మాట కార్యదర్శి కొలువు చేసినవాడికి చెప్పాలా! మా ఈడువాళ్ళు గంగదేవిపల్లి వెళ్ళి చూసొచ్చాం, వరంగల్ దగ్గర గీసుకొండ మండలంలో. తాగునీటికి కమిటీ, పారిశుద్ధ్యానికి కమిటీ, ఇంకా ఎన్నో, అన్నిటా ఊరివాళ్ళే. ఆ ఊరి పేరు చెబితే అందరూ శ్రమదానం అంటారు. నేను చూసింది వేరే. ఇంటిపన్ను నూటికి నూరు వసూలు. నీళ్ళకు డబ్బు కట్టి తీసుకుంటారు. లెక్కలు ఊరి ముందు చెబుతారు. పన్ను ఎగ్గొట్టి శ్రమదానానికి వస్తానంటే ఆ ఊరు ఒప్పుకోదు.

మేనకోడలు: మా కౌంటీలోనూ మీకు నచ్చే పథకం ఒకటుంది. లెంగ్త్స్‌మన్ అంటారు. కౌంటీ డబ్బిస్తుంది, ఊరి కౌన్సిల్ తమకు తెలిసిన మనిషిని పెట్టుకుంటుంది. తూములు తియ్యడం, బోర్డులు తుడవడం, కాలవలు శుభ్రం చెయ్యడం అతని పని. ఏ తూము ఎప్పుడు పూడుకుంటుందో అతనికి తెలుసు. మంచం మీద నుంచే వాన శబ్దం విని ఎక్కడికెళ్ళాలో చెప్పగలడు.

మావయ్య: డబ్బు పైవాడిది, కన్ను ఊరిది, కూలి పనివాడిది. ఇదీ పద్ధతి! దీన్నెందుకు పెంచరు?

మేనకోడలు: డబ్బు.

మావయ్య: అదిగో, మళ్ళీ అక్కడికే వచ్చాం. సరే, నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది లైబ్రరీ. కౌంటరు దగ్గర వాలంటీర్లు కూర్చున్నారన్నావు. అంతకుముందు అక్కడ ఎవరు కూర్చునేవారు?

మేనకోడలు: జీతం తీసుకునే లైబ్రేరియన్. ఆవిడ గంటలు ముందు తగ్గించారు, తర్వాత ఆ పోస్టే తీసేశారు. పక్క చిన్న ఊళ్ళో ఉందది, మా ఊరి పిల్లలూ అక్కడికే వెళ్తారు. మూసేస్తామంటే నాలుగూళ్ళవాళ్ళం కలిసి వంతులు వేసుకున్నాం. శనివారం నా వంతు.

మావయ్య: లైబ్రరీ నడపడం కౌంటీ ఇష్టమా, విధా?

మేనకోడలు: విధే. 1964 చట్టంలో ఉంది.

మావయ్య: విధిగా ఉన్న పనిలోంచి ఒక మనిషి జీతం తీసేశారు. ఆ ఖాళీలో నువ్వు కూర్చున్నావు, నవ్వుతూ, మంచి మనసుతో. నువ్వు కూర్చోబట్టి లైబ్రరీ మూతపడలేదు. మూతపడలేదు కాబట్టి ఎవరూ కౌంటీ గుమ్మం ముందు నిలబడి అడగలేదు. ఆవిడ ఉద్యోగం పోయిన సంగతి ఊరికి తెలియకుండా పోయింది.

మేనకోడలు: మరి మన ఆంధ్రదేశంలో గ్రంథాలయాలు ఎవరు మొదలుపెట్టారు మావయ్యా? జీతగాళ్ళా? 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారికి ఏ ప్రభుత్వం జీతమిచ్చింది? ఊళ్ళోవాళ్ళే పుస్తకాలు పోగేసి, ఓ గదిలో దీపం పెట్టి చదివి వినిపించారు. పడవల మీద పుస్తకాలు పంపారు. దాన్నీ తప్పంటారా?

మావయ్య: తప్పనను, మా నాన్న చదువు నేర్చుకున్నదే అలాంటి గదిలో. కానీ అది ఎటు నడిచిందో చూడు. ఏమీ లేనిచోట జనం మొదలుపెట్టారు. నడిచి నడిచి అది చట్టం దగ్గరికి చేరింది. 1948లో మద్రాసు గ్రంథాలయాల చట్టం, 1960లో మన రాష్ట్ర చట్టం. రూపాయి ఇంటిపన్నుకు ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ ఎనిమిది పైసలు నా చేత్తో వసూలు చేశాను. పంచాయతీలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టకుండా సొంతానికి వాడుకుంటుంటే కొట్లాడాను కూడా. మనవాళ్ళు దానం నుంచి హక్కుకు నడిచారు. మీవాళ్ళు హక్కులోంచి దానంలోకి దిగుతున్నారు. రెండుచోట్లా కౌంటరు దగ్గర కూర్చున్నది మంచివాళ్ళే.

మేనకోడలు: ఆ వాదనకు జవాబు చెప్పలేను. కానీ శనివారం పొద్దున ఆ తలుపు దగ్గర ఎనిమిదేళ్ళ పిల్ల నిలబడి ఉంటుంది. వారానికి ఆరు పుస్తకాలు తీసుకెళ్తుంది, వాళ్ళింట్లో పుస్తకాలు లేవు. కౌంటీ బుద్ధి తెచ్చుకునేదాకా ఆ పిల్ల ఎదగడం ఆగుతుందా?

మావయ్య: ఆగదు. కూర్చో. కానీ నివేదికలో ఒక కాలమ్ పెట్టు. ప్రతి పనికి ఎదురుగా ‘చట్టం ప్రకారం ఈ పని ఎవరిది’ అని. లైబ్రరీ ఎదురుగా కౌంటీ. గట్టు మీద గడ్డి ఎదురుగా కౌంటీ. చెత్త ఎదురుగా జిల్లా. తలుపు కొట్టడం ఎదురుగా మీ ఊరు. ప్రతి పనికి ఎన్ని గంటలు పట్టిందో రాయి, ఆ గంటలకు కూలి రేటు కట్టు. ఊరి సభలో చదివి, తీర్మానం చేసి, కౌంటీకి పంపు. డబ్బు రాదు, నాకు తెలుసు. కానీ ఆ పని మాది కాదని మినిట్స్‌లో ఉంటుంది. పదేళ్ళ తర్వాత ఎవరైనా ‘ఇది ఎప్పుడూ ఊరివాళ్ళే చేసుకునేవారు’ అంటే తీసి చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

మేనకోడలు: పెడతాను. మే నెల సభకే పెడతాను. కానీ మావయ్యా, కూలి రేటు కట్టను. ఆ డెబ్బై దాటిన ఆయన టెలిఫోన్ పెట్టె దగ్గరకు నడిచి వెళ్ళిన అరగంటకు నేను డబ్బు అంకె వేస్తే ఆయన నొచ్చుకుంటాడు. రేపటినుంచి రాకపోవచ్చు కూడా.

మావయ్య: అంకె వెయ్యకపోతే కౌంటీ ఆ కాగితం చదవదు. ఆఫీసులో కూర్చున్నవాడి కన్ను ముందు అంకె మీదే పడుతుంది, ముప్ఫై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చుని చెబుతున్నాను.

మేనకోడలు: అయితే లైబ్రరీకి, గడ్డికి, చెత్తకు వేస్తాను. టెలిఫోన్ పెట్టెకూ వరద జాబితాకూ వెయ్యను.

మావయ్య: ఆసుపత్రి కార్లకు?

మేనకోడలు: వాటికి...

మావయ్య: బస్సు తీసేశారు కాబట్టే కదా కార్లు వచ్చాయి? బస్సు ఎవరు తీసేశారు?

మేనకోడలు: కౌంటీ ఇచ్చే డబ్బు ఆపేస్తే కంపెనీ తీసేసింది. కానీ దారిలో కారు నడిపేవాళ్ళు ఆ ముసలివాళ్ళతో మాట్లాడే మాటలు బస్సులో దొరకవు.

మావయ్య: మాటలు ఊరివి. పెట్రోలు కౌంటీది. ఆ వరుసను రెండు భాగాలు చెయ్యి. పెన్ను ఇలా ఇవ్వు, కాలమ్‌లు నేను గీస్తాను.